మూడో తరగతి తెలుగు పీరియడ్‌లో కోడింగ్‌తో కథ రాయించడం: పిల్లల చదువుకు మేలా, చేటా?

నర్సంపేట ఎస్జీటీ (అడిగినవారు)

అందరికీ నమస్కారం. నేను నర్సంపేట దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మాది ఇద్దరు ఉపాధ్యాయుల బడి కాబట్టి 3, 4, 5 తరగతులు మూడూ నా గదిలోనే కూర్చుంటాయి. పిల్లల్లో కొందరు తండా నుంచి వస్తారు, వాళ్లు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. 2022లో తొలిమెట్టు (ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు కుదిర్చే రాష్ట్ర కార్యక్రమం) మొదలైన తర్వాత గుణింతాలు, ఒత్తులు చాలావరకు గాడిన పడ్డాయి. చిన్న పేరా ఇస్తే ఎక్కువమంది తడుముకుంటూ అయినా చదువుతారు. చిక్కంతా సొంతంగా రాయమన్నప్పుడే వస్తోంది. బొమ్మ చూపించి కథ చెప్పమంటే గలగలా చెప్పే పిల్ల, అదే కథను నోటుబుక్కులో రాయమంటే మూడు ముక్కల్లో ముగించి "అయిపోయింది టీచర్" అని పెన్సిల్ పక్కన పెట్టేస్తుంది.

ఇటీవల కాంప్లెక్స్ సమావేశంలో (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే సమావేశం) ఒక సార్ స్క్రాచ్ జూనియర్ అనే కోడింగ్ యాప్‌తో పిల్లలు చేసిన కథలను చూపించారు. బొమ్మలు నడుస్తున్నాయి, మాట్లాడుతున్నాయి, పేజీ మారితే కథ ముందుకు పోతోంది. ఒక దాత ఇచ్చిన నాలుగు ట్యాబ్‌లు మా బడి బీరువాలోనూ ఉన్నాయి. అయితే మా హెచ్ఎం సార్ (రెండో టీచరు ఆయనే) "చదవడం, రాయడమే ఇంకా కుదురుకోలేదు, మధ్యలో ఈ కోడింగ్ ఎందుకమ్మా" అంటున్నారు. ఆ మాటను తీసిపారేయలేకపోతున్నాను. దీనివల్ల పిల్లల రాత నిజంగా మెరుగుపడుతుందా, లేక బొమ్మల ఆటతోనే పీరియడ్ గడిచిపోతుందా? తెలుగు టైపింగ్ సంగతి ఏమిటి? లంబాడీ పిల్లలకు ఇది ఎంతవరకు పనికొస్తుంది? తరగతిలో చేసి చూసినవారు దయచేసి చెప్పగలరు.

ఓరుగల్లు బడిపంతులు

టీచర్ గారూ, మీ హెచ్ఎం సార్ సందేహం సబబైనదే. ఈ యాప్‌ను అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం, ఎంఐటీ వారు కలిసి 5 నుంచి 7 ఏళ్ల పిల్లల కోసం 2014లో తెచ్చారు. అందులో బొమ్మ ఏం చేయాలో చెప్పే ఆజ్ఞల ముక్కలను దిమ్మెలంటాం, వాటిని వరసగా పేరిస్తే బొమ్మ అలా నడుస్తుంది. ఆ దిమ్మెల మీద అక్షరాలు ఉండవు. బాణాలు, కవర్లు, జెండాలు మాత్రమే ఉంటాయి. ఇంకా చదవడం రాని పిల్లలు కూడా వాడుకోవాలన్నదే వారి ఉద్దేశం. అంటే, మనం పూనుకొని రాయించకపోతే పిల్లలు ఒక్క అక్షరం ముట్టకుండా పీరియడంతా హాయిగా గడిపేయగలరు. కాబట్టి యాప్ దానంతట అది రాత నేర్పదు. రాసినదాన్ని మళ్లీ చదువుకొని, సరిచేసుకోవలసిన అవసరాన్ని మాత్రం అది పుట్టిస్తుంది, దాని విలువంతా నా దృష్టిలో అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మా ఊళ్లలో కోతుల బెడద మీకు తెలిసిందే. మూడో తరగతి అమ్మాయి ఒకతె ఇలా రాసింది: "కోతి వచ్చింది. బువ్వ తిన్నది. నాయనమ్మ కట్టె తెచ్చింది. కోతి ఉరికింది." నాలుగు వాక్యాలు, తప్పులు లేవు, ఎర్ర పెన్నుతో దిద్దడానికి అందులో ఏమీ లేదు. దాన్నే యాప్‌లో పెట్టమన్నాను. కోతికి కొన్ని దిమ్మెలు, నాయనమ్మకు కొన్ని దిమ్మెలు పేర్చి పచ్చజెండా నొక్కింది. జెండా నొక్కగానే రెండు బొమ్మలూ ఒకేసారి కదులుతాయి కాబట్టి, నాయనమ్మ గడప దాటకముందే కోతి గోడ అవతలకు వెళ్లిపోయింది. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. "నాయనమ్మ ఇంకా లోపల్నే ఉన్నది గదా, కోతి ఎవలను చూసి ఉరుకుతున్నది?" అని ఒకడు అడిగాడు. ఆ ప్రశ్న నేను అడిగి ఉంటే ఆ అమ్మాయి తలవంచుకొని ఊరుకునేది. తోటివాడు, అదీ తెరమీద బొమ్మను చూసి అడిగేసరికి పట్టుదల వచ్చింది.

దీనికి యాప్‌లో రెండు దారులు ఉన్నాయి. కోతి దిమ్మెల నడుమ ఆగమనే దిమ్మె పెట్టవచ్చు; అందులో 10 అని వేస్తే ఒక సెకను ఆగుతుంది. లేదా నాయనమ్మ చేత కవరు (ఒక బొమ్మ ఇంకో బొమ్మకు పంపే సందేశం) పంపించి, ఆ కవరు అందిన తర్వాతే కోతి కదిలేటట్టు చేయవచ్చు. ఆ అమ్మాయి ముందు ఆగే దిమ్మెతో కుస్తీ పట్టి, చివరికి కవరుకు వచ్చింది. అప్పుడు ట్యాబ్ మూసేయించి, ఇప్పుడు తెరమీద జరిగినదాన్నే నోటుబుక్కులో మళ్లీ రాయమన్నాను. "నాయనమ్మ కట్టె ఎత్తగానే కోతి గిన్నె వదిలేసి గోడ దూకి ఉరికింది" అని రాసింది. ముందు రాసిన ముక్కల్లో లేని "ఎత్తగానే", "వదిలేసి", "దూకి" ఇక్కడ ఎక్కడి నుంచి వచ్చాయో గమనించండి. నోటి మాటలో ఆ అమ్మాయికి అవన్నీ ముందే వచ్చు. కాగితం మీదికి రాకపోవడానికి కారణం, కాగితం ఎప్పుడూ "తర్వాత ఏమైంది, ఎప్పుడైంది" అని ఎదురు అడగకపోవడమే.

తెలుగు వాక్యానికీ ఈ దిమ్మెలకూ పొంతన నేను అనుకున్నదానికన్నా దగ్గరగా ఉంది. "వచ్చి, చూసి, తిని, వెళ్లింది" అని మనం క్త్వార్థకాలను వరసగా పేర్చుకుంటూ పోవడమూ, ఒక దిమ్మె పక్కన ఇంకో దిమ్మె తగిలించుకుంటూ పోవడమూ ఒకే రకం పని. "తింటూ చూసింది" అన్న శత్రర్థకం కావాలంటే ఒకే బొమ్మకు రెండు వరసలు పెట్టి రెండూ ఒకేసారి నడిపించాలి. "తాకితే అరిచింది" అన్నదానికి, ఇంకో బొమ్మ వచ్చి తగిలినప్పుడు మొదలయ్యే దిమ్మె ఉంది. ఈ వ్యాకరణ పదాలేవీ పిల్లలకు చెప్పనక్కర లేదు. టీచరు మనసులో పెట్టుకుంటే, ఏ పిల్లవాడి కథలో ఏ రకం వాక్యం కరువైందో చూసి, దానికి తగిన దిమ్మె దగ్గరకు వాడిని నడిపించవచ్చు.

దిమ్మెలకు అందనివీ ఉన్నాయి. "నాయనమ్మకు కోపం వచ్చింది" అన్నదానికి దిమ్మె లేదు. ఒక అబ్బాయి ఆలోచించి, ఆమెను ఒక గడి అటూ ఒక గడి ఇటూ గబగబా కదిలించి, పెద్దదయ్యే దిమ్మెతో ఒళ్లు పెంచాడు. తర్వాత "నాయనమ్మ కోపంతో ఊగిపోయింది" అని రాశాడు. ఇలాంటి చోట్ల తొందరపడి జవాబు చెప్పకండి.

పరకాల విశ్రాంత హెచ్ఎం

పై సార్ చెప్పిన ఉదాహరణ బాగుంది, కాదనను. అయితే ఇలాంటి ఆశలు కొత్తవి కావని కూడా టీచర్ గారికి తెలియాలి. పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష 1967లోనే పుట్టింది. దాన్ని రూపొందించినవారిలో ఒకరైన సేమూర్ పేపర్ట్ 1980 ప్రాంతంలో, కోడింగ్ చేసే పిల్లల ఆలోచనా పద్ధతే మారుతుందని గట్టిగా వాదించారు. తర్వాత న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కళాశాలలో రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ అనే పరిశోధకులు ఆ మాటను పరీక్షకు పెట్టారు. లోగో నేర్చిన పిల్లలు ఇతర పనులకు ప్రణాళిక వేసుకోవడంలో, నేర్వని పిల్లలకన్నా మెరుగ్గా ఏమీ లేరని వారి 1984 అధ్యయనం తేల్చింది. అంటే ఒకచోట నేర్చినది ఇంకోచోటికి దానంతట అది పాకదు. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా కోడింగ్ కృత్యాలను మాధ్యమిక దశలో, అంటే 6 నుంచి 8 తరగతుల్లో మొదలుపెట్టమన్నదే తప్ప మూడో తరగతిలో అనలేదు. ఇంగ్లండ్ 2014 సెప్టెంబరు నుంచి అయిదేళ్ల పిల్లలకే కంప్యూటింగ్ పాఠం పెట్టింది నిజమే; అక్కడి బడుల వసతులు వేరు, ఇద్దరు టీచర్లతో అయిదు తరగతులు నెట్టుకొచ్చే మన బడి వేరు.

నాలుగు ట్యాబ్‌ల చుట్టూ మూడు తరగతుల పిల్లలు మూగితే జరిగేది మీరు ఊహించగలరు. చురుకైనవాడు ట్యాబ్ పట్టుకుంటాడు, వెనుకబడ్డవాడు వాడి భుజం మీదుగా తొంగి చూస్తాడు. ఎవరికి రాత రావాలని ఇదంతా మొదలుపెట్టామో, వాడికే పని దొరకదు.

అందుకే ట్యాబ్ బీరువాలోనే ఉంచి ముందు ఆవరణలో మొదలుపెట్టమని నా సలహా. సుద్దముక్కతో నేల మీద గడులు గీయండి. ఒక పిల్లవాడు యంత్రం. తక్కినవారు జట్లుగా చీటీల మీద ఆజ్ఞలు రాస్తారు: "ముందుకు మూడు అడుగులు వెయ్యి", "కుడికి తిరుగు", "రాయి తగిలితే ఆగు". నోటితో చెప్పడం నిషేధం. యంత్రం చీటీ చదివి, అందులో ఏముంటే అదే చేయాలి. మా బడిలో ఒక జట్టు "గుడికి తిరుగు" అని రాసింది. యంత్రంగా ఉన్న పిల్లవాడు ఏ మాత్రం తడబడకుండా ఊరి ఆంజనేయస్వామి గుడి వైపు తిరిగి నిలబడ్డాడు. కకారానికీ గకారానికీ తేడా చెప్పడానికి మేము నల్లబల్ల మీద పడిన పాట్లన్నీ ఆ ఒక్క చీటీతో తీరాయి. చదివినదానికి వెంటనే ఫలితం కనబడడం, తప్పు రాస్తే తప్పు జరగడం కోడింగ్‌లోని అసలు సుగుణం. దానికి కరెంటు కూడా అక్కర్లేదు.

బతుకమ్మ రోజుల్లో అయితే ఇంకా సులువు. ఒకరు చరణం అందుకుంటే తక్కినవారు "ఉయ్యాలో" అని బదులిస్తారు. అలాంటి పాటను పిల్లలే కట్టి బోర్డు మీద రాయాలని చెప్పండి. రెండు మూడు వరసలయ్యాక, ప్రతిసారీ అదే మాట రాయడం విసుగనిపించి ఎవరో ఒకరు గుర్తు ఒకటి కనిపెడతారు. మారేది ఏది, మారనిది ఏది అని వాళ్లు విడదీసుకున్నాక, యాప్‌లో మళ్లీ మళ్లీ చేయించే దిమ్మెను వివరించనక్కర లేదు, చూపిస్తే చాలు.

ఓరుగల్లు బడిపంతులు

సార్, మీరు చెప్పిన 1984 అధ్యయనంతో నాకు పేచీ లేదు. ఒకచోటి నేర్పు ఇంకోచోటికి దానంతట అది పాకదు కాబట్టే టీచరు వంతెన వేయాలంటున్నాను. స్క్రాచ్ జూనియర్ రూపకర్తల్లో ఒకరైన మరీనా బెర్స్ కూడా తర్వాతి కాలంలో కోడింగ్‌ను లెక్కల పక్కన కాక చదవడం, రాయడం పక్కన పెట్టి, దాన్ని మరో భాషగా బోధించే పాఠ్యప్రణాళిక తయారు చేశారు. కథ చదవడం, చర్చించడం, చేసి చూడడం, తిరగరాయడం అందులో కోడింగ్‌తో పెనవేసుకొని ఉంటాయి. మీ చీటీల ఆటను మాత్రం ఈ వారమే మా పిల్లలతో ఆడిస్తాను. ట్యాబ్ కన్నా ముందు అదే రావాలన్న మాట ఒప్పుకుంటున్నాను.

గూడూరు తండా బడి

లంబాడీ పిల్లల గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. మా బడిలో దాదాపు అందరూ తండా పిల్లలే. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, 2022–23 నుంచి ఇంగ్లిష్ మాధ్యమం వచ్చాక పుస్తకంలో ఎడమవైపు ఒక భాష, కుడివైపు ఇంకో భాష. కథ చెప్పమంటే పిల్ల మూగబోవడానికి కథ రాకపోవడం కారణం కాదు, ఏ భాషలో మొదలుపెట్టాలో తెలియకపోవడం. ఈ యాప్‌లో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది మైకు దిమ్మె. పిల్ల ముందుగా తన కథను తన భాషలో, తన గొంతుతో రికార్డు చేస్తుంది. తర్వాత ఆ బొమ్మ నెత్తి మీద వచ్చే మాటల బుడగలో తెలుగు వాక్యం రావాలని చెబుతాను. తాను చెప్పినదాన్నే తాను మళ్లీ మళ్లీ వింటూ, జతగాడితో "దీన్ని తెలుగుల ఏమంటరు?" అని తర్కించుకుంటూ రాయడంలో, నేను చెప్పింది ఎక్కించుకోవడంలో లేని శ్రద్ధ కనబడుతుంది. మూడు తరగతులు ఒకే గదిలో ఉంటే రికార్డింగులో అందరి గొంతులూ పడతాయి. ఆ జట్టును వరండాలోకి పంపండి.

ఇంకో మాట. యాప్‌లో ఒక కథకు నాలుగు పేజీలే ఉంటాయి. మొదట నాకది కొరతగా తోచింది, ఇప్పుడు వరంగా తోస్తోంది. మన చేర్యాల పటాలను మీరు చూసే ఉంటారు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా, జిల్లాలు విడిపోకముందు చేర్యాల మన వరంగల్ జిల్లాదే. ఖాదీ గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్ద పూసి ఆరబెట్టి, దాని మీద కులపురాణాన్ని గడులు గడులుగా గీస్తారు. కాకిపడగల వారు, కూనపులి వారు వంటి కథకులు ఆ పటం చుట్టను కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో గడిని చూపుతూ కథ చెబుతారు. గీసేవాడు పురాణమంతా గీయలేడు. కథ మలుపు తిరిగే ఘట్టాన్ని ఎంచుకుంటాడు, మిగతాది చెప్పేవాడి నోటికి వదిలేస్తాడు. మా పిల్లల చేత పాత క్యాలెండర్ కాగితాల వెనుక వైపులను అతికించి పొడుగు చుట్ట చేయించి, దాన్ని నాలుగు గడులుగా విభజించి బొమ్మలు గీయిస్తాను. చుట్ట విప్పుతూ తరగతి ముందు నోటితో చెప్పిన తర్వాతే ట్యాబ్. ఒక్కో గడి ఒక్కో పేజీ అవుతుంది.

మేడారం జాతర కథ చేసిన ఒక జట్టు బండి కట్టడానికీ, దారిలో ఎడ్లకు నీళ్లు పెట్టడానికీ మూడు గడులు ఖర్చు చేసి, చివరి గడిలో గద్దెల దాకా ఎలా చేరాలో తోచక పెద్ద గొడవ పడ్డారు. దేన్ని వదిలేయాలి అన్న ఆ గొడవ కథ రాయడంలో సగం పాఠం. నేను తీర్పు చెప్పలేదు. చివరికి ఎడ్లను వదులుకున్నారు, కానీ ఎడ్ల గంటల చప్పుడును రికార్డు చేసి మొదటి పేజీలో పెట్టుకున్నారు.

కాజీపేట కీబోర్డు

నేను టీచరును కాను, కంప్యూటర్లు బాగుచేసేవాడిని. సెలవు రోజుల్లో మా వాడ బడికి సాయం చేస్తుంటాను. టైపింగ్ సంగతి ఒక్కటే చెబుతాను. ఫోన్లలో మనలో చాలామంది ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకుంటాం. పిల్లలకు ఆ పద్ధతి వద్దు. "చెట్టు" కోసం ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఊహించడం వాళ్లకు ఇంకో బరువు, పైగా కింద వరసలో ప్రత్యక్షమయ్యే మాటల్లోంచి ఏదో ఒకటి నొక్కేస్తారు. తెలుగు అక్షరాలే కనబడే కీబోర్డును పెట్టండి. అందులో "చెట్టు" కావాలంటే చ, ఎత్వం, ట, పొల్లు, మళ్లీ ట, కొమ్ము అని ఆరు నొక్కులు. ఒత్తు అనేది విడిగా దొరకదు. ముందు అక్షరానికి పొల్లు పెట్టి తర్వాతి అక్షరం నొక్కితే, అదే కిందికి దిగి ఒత్తు అవుతుంది. వర్ణమాలలో విడి అక్షరంలా నేర్చుకున్న "క్ష", క తర్వాత పొల్లు, ఆ తర్వాత ష కలిస్తే వచ్చిందని చూసిన ఒక పాప, ఇక ఆ రోజంతా ఏ అక్షరం కింద ఏది పెడితే ఏమవుతుందో చూస్తూనే ఉంది. వేగం రాదు, నిజమే. మాటల బుడగలో పట్టేది ఎలాగూ ఒక చిన్న వాక్యమే కాబట్టి ఆ నిదానం వల్ల నష్టం లేదు.

యాప్ ఉచితం. ఒకసారి ఎక్కించుకుంటే తర్వాత ఇంటర్‌నెట్ అక్కర్లేదు, ఖాతా తెరవనక్కర లేదు. ముందుగా మీ ట్యాబ్ ఒకదానిలో తెలుగు వాక్యం కొట్టి, ఒత్తులు చెదరకుండా కనబడుతున్నాయో లేదో చూసుకొని అప్పుడు పిల్లల చేతికివ్వండి.

నర్సంపేట ఎస్జీటీ

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. మా హెచ్ఎం సార్‌కు ఇవన్నీ చదివి వినిపించాను. చీటీల ఆట ఆయనకు బాగా నచ్చింది. గడులు తానే గీస్తానన్నారు. మొదట చీటీలు, తర్వాత కాగితపు చుట్టలు, ఆ తర్వాతే ట్యాబ్ అనుకుంటున్నాం. మూడు తరగతులనూ కలిపి జట్లు చేసి, ఒక జట్టు ట్యాబ్ దగ్గర ఉన్నప్పుడు తక్కిన జట్లు చుట్టలు గీయడం, రాయడం చేస్తాయి. ఒక్క సందేహం మిగిలింది. వీటిని చూసి పిల్లల స్థాయిని ఎలా నమోదు చేయాలి? బొమ్మలు బాగా కదిలించినవాడికి ఎక్కువ మార్కులు పడే ప్రమాదం ఉంది కదా.

పరకాల విశ్రాంత హెచ్ఎం

తెరమీద కదిలినదానికి మార్కులు వేయకండమ్మా. ప్రతి పిల్లవాడి నోటుబుక్కులో ఎడమ పేజీలో ట్యాబ్ ముట్టకముందు రాసిన కథ, కుడి పేజీలో తర్వాత తిరగరాసిన కథ ఉండేటట్టు చూడండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే కొత్తగా ఏ వివరం చేరింది, వాక్యాలు ఎక్కడ కలిశాయి, ఎక్కడ అనవసరంగా సాగాయి అన్నది మీకే తెలుస్తుంది. జట్టు పనిలో ఎవరు రాశారో తేలదు కాబట్టి తిరగరాయడం మాత్రం ఎవరికి వారే చేయాలి. ఆ రాసిన కథను ఇంకో తరగతి పిల్లవాడి చేత చదివించండి, వాడు ఎక్కడ ఆగి "ఇదేంది?" అని అడిగాడో అక్కడ గీత గీయండి.

కాజీపేట కీబోర్డు

ఇంకొకటి మరిచాను మేడమ్. పిల్లలు చేసిన కథలు ఏ ట్యాబ్‌లో చేస్తే ఆ ట్యాబ్‌లోనే నిల్వ ఉంటాయి. ప్రతి ట్యాబ్ వెనుక జట్టు పేరు రాసి అంటించండి, లేకపోతే తర్వాతి పీరియడ్‌లో ఎవరి కోతి ఎక్కడుందో వెతుక్కోవడమే సరిపోతుంది.